విభక్తి వెనుక, ప్రిపొజిషన్ ముందు

 

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు మా బ్యాచ్ వాళ్లం ఫోన్లలో మాట్లాడుకున్నాం. హాస్టల్ జ్ఞాపకాలు ప్రతి సంచికలోనూ వస్తూనే ఉంటాయి. ఈసారి తమ్ముళ్లకు పరీక్షల్లో, ఇంటర్వ్యూల్లో పనికొచ్చే సంగతి ఒకటి రాద్దామని అనుకున్నాం. అది ఇంగ్లీషులోని చిన్న చిన్న మాటల సంగతి. ఇన్, ఆన్, ఎట్, టు, ఫర్, ఆఫ్, బై, విత్, ఫ్రమ్, సిన్స్. వీటినే ప్రిపొజిషన్లు అంటారు. చూడడానికి రెండు మూడు అక్షరాల మాటలే. కానీ పెద్ద పెద్ద మాటలు బట్టీ పట్టినవాళ్లు కూడా వీటి దగ్గరే ఆగిపోతుంటారు.

మేము 23 ఏళ్ల వయసులో పీజీ చదువుతున్నాం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటివాళ్లం మేమే. మా అమ్మానాన్నలు పత్తి ఏరారు, సోయా కోశారు, జిన్నింగ్ మిల్లుల్లో హమాలీ పని చేశారు. పదవ తరగతి దాకా మేము తెలుగు మీడియం, డిగ్రీలో ఇంగ్లీష్ మీడియం. ఇప్పటి తమ్ముళ్ల సంగతి వేరు. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8వ తరగతి వరకు ఇంగ్లీష్ మీడియం మొదలైంది. మీడియం మారినంత మాత్రాన ఇంట్లో భాష మారదు కదా. కాబట్టి మేము చెప్పేది మీకూ పనికొస్తుందని నమ్మకం.

మన ఊరి మూడు భాషలు

మన భైంసా మహారాష్ట్ర సరిహద్దులో ఉంది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు మారినప్పుడు ఆదిలాబాద్ జిల్లా నుంచి విడిపోయి నిర్మల్ జిల్లాలోకి వచ్చింది. బజారుకు పోతే ఒక దుకాణంలో తెలుగు, పక్క దుకాణంలో మరాఠీ, ఎదురు దుకాణంలో ఉర్దూ వినిపిస్తాయి. మూడూ వచ్చిన పిల్లలు మన హాస్టల్‌లోనే చాలామంది ఉన్నారు. ఇది మామూలు విషయం కాదు.

ఈ మూడు భాషలకూ ఒక పోలిక ఉంది. తెలుగులో 'ఇంట్లో' అంటాం. 'లో' అనేది ఇల్లు తర్వాత వచ్చింది. మరాఠీలో 'ఘరాత్' అంటారు. ఉర్దూలో 'ఘర్ మే' అంటారు. మూడింటిలోనూ ఆ చిన్న మాట నామం వెనుకే వస్తుంది. ఇంగ్లీషులో మాత్రం 'ఇన్ ది హౌస్'. అక్కడ 'ఇన్' ముందుకు వచ్చింది. ప్రిపొజిషన్ అనే మాటకు అర్థమే 'ముందు ఉండేది' అని.

బడిలో తెలుగు సార్ చదివించిన విభక్తులు గుర్తు తెచ్చుకోండి. చేత, తోడ తృతీయ. కొరకు, కై చతుర్థి. వలన, కంటె పంచమి. కి, కు, యొక్క షష్ఠి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఇవన్నీ వరుసగా ఉన్నాయి. అప్పుడు పరీక్ష కోసమే చదివాం. డిగ్రీలో ఇంగ్లీష్ క్లాసులో కూర్చున్నాక అసలు సంగతి తెలిసింది. ప్రిపొజిషన్లు చేసే పని మన విభక్తులు ఎప్పటినుంచో చేస్తూనే ఉన్నాయి. 1863లో అబ్రహాం లింకన్ గెటిస్‌బర్గ్‌లో ప్రజా ప్రభుత్వం గురించి చెప్పిన మాట సాంఘిక శాస్త్రంలో అందరం చదివాం. అందులో ఉన్నవి ఆఫ్, బై, ఫర్ అనే మూడు ప్రిపొజిషన్లు. తెలుగులో యొక్క, చేత, కొరకు. అంటే ఈ మూడూ మనకు ముందే వచ్చు.

ఇంగ్లీషు వాళ్లకూ మన భాష దగ్గర ఇదే కష్టం. మన విభక్తి వెనుక వస్తుంది, వాళ్ల ప్రిపొజిషన్ ముందు వస్తుంది. సి.పి. బ్రౌన్ తెలుగు నేర్చుకుని 1840లో తెలుగు వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లీష్ నిఘంటువు అచ్చు వేయించాడు. ఆయన నేర్చుకోగలిగినప్పుడు మనమూ నేర్చుకోగలం.

ఒక మాటకు మూడు మాటలు

మరి చిక్కు ఎక్కడ వస్తుంది? మన దగ్గర ఒకే మాట ఉన్నచోట ఇంగ్లీషులో రెండు మూడు ఉంటాయి. 'నుంచి' అనే మాట చూడండి. 'సోమవారం నుంచి' అంటాం, 'రెండేళ్ల నుంచి' అంటాం, 'నిర్మల్ నుంచి' అంటాం. మూడింటికీ ఒకటే మాట. మరాఠీలో కాలానికి 'పాసూన్', ఉర్దూలో 'సే' ఇలాగే వాడతారు. ఇంగ్లీషులో మొదలైన రోజు చెబితే 'సిన్స్ మండే'. ఎంత కాలమో చెబితే 'ఫర్ టూ ఇయర్స్'. చోటు చెబితే 'ఫ్రమ్ నిర్మల్'. క్యాలెండర్‌లో వేలు పెట్టి చూపించగలిగితే సిన్స్, లెక్కపెట్టి చెప్పాల్సి వస్తే ఫర్ అని గుర్తు పెట్టుకోండి.

ఈ ఒక్క మాట దగ్గర మా కంటే ముందు బ్యాచ్ అన్న ఒకాయన ఎంత బాధపడ్డాడో మాకు తెలుసు. డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసై హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లాడు. నీ గురించి చెప్పమని అడిగితే ఐదేళ్లుగా హాస్టల్‌లో ఉంటున్నానని చెప్పబోయి 'సిన్స్ ఫైవ్ ఇయర్స్' అన్నాడట. ఎదురుగా ఉన్న ఇద్దరు ఒకరినొకరు చూసుకుని నవ్వారట. తర్వాత అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులు తెలిసి కూడా ఆయన నోరు విప్పలేదు. ఊరికి వచ్చాక మాతో అన్నాడు: "నాకు పని రాక కాదు తమ్మీ. గా ఒక్క మాటకాడ నోరు మూతపడ్డది."

ఆ మాట మాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. 'సిన్స్ ఫైవ్ ఇయర్స్', 'డిస్కస్ అబౌట్' లాంటివి దేశమంతటా వినిపిస్తాయి. సూటు వేసుకున్నవాళ్లు కూడా అంటుంటారు. పెద్ద కాన్వెంట్‌లో చదివినవాడు అంటే మాట జారిందని ఊరుకుంటారు. మన హాస్టల్ పిల్లవాడు అంటే వీడికి ఇంగ్లీషే రాదని తేల్చేస్తారు. ఇది న్యాయం కాదు. న్యాయం కాదని తెలిసినా నేర్చుకోవడం మాత్రం మానవద్దు. ఆ నవ్వుకు మన దగ్గర చోటు లేకుండా చేసుకోవడమే మనం చేయగలిగిన పని.

అమ్మ దగ్గర ఉన్న వ్యాకరణం

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మాలో ఒకరు 'డిపెండ్ ఆన్, ఇన్‌సిస్ట్ ఆన్, కన్సిస్ట్ ఆఫ్' అని గట్టిగా చదువుతుంటే వాళ్ల అమ్మ అడిగింది: "గీ ఇంతింత మాటలకు గింత చదువా బిడ్డా?" బడి మొహం చూడని మనిషి ఆమె. కానీ ఆమె మాటలే ఒకసారి వినండి. "పొద్దుగూకే లోపు ఇంటికి రా" అంటుంది. "పొద్దుగూకే దాకా చేన్ల ఉంటం" అంటుంది. 'లోపు' ఎక్కడ అనాలో 'దాకా' ఎక్కడ అనాలో ఆమె ఏనాడూ తడబడలేదు.

ఇంగ్లీషులో 'బై', 'టిల్' అనే మాటలకు తేడా సరిగ్గా ఇదే. 'బై ఫైవ్ ఓ క్లాక్' అంటే ఐదు గంటల లోపు. 'టిల్ ఫైవ్ ఓ క్లాక్' అంటే ఐదు దాకా. ఫారం 30వ తేదీ లోపు ఇవ్వాలి, అది 'బై'. ఆఫీసు ఐదు దాకా తెరిచి ఉంటుంది, అది 'టిల్'. స్కాలర్‌షిప్ నోటీసు చదివేటప్పుడు ఈ తేడా తెలియకపోతే ఏడాది ఖర్చు పోయినట్టే. ఇంత ముఖ్యమైన తేడా మన అమ్మల నోట్లోనే ఉంది. ఇంగ్లీష్ మాటకు అర్థం తెలియకపోతే ముందు మన ఇంటి మాట ఏమిటో ఆలోచించండి. సగంసార్లు దారి అక్కడే దొరుకుతుంది.

మిగతా సగంసార్లు ఇంటి మాట వేరే దారి చూపిస్తుంది. అలాంటివి ఇక్కడ కొన్ని ఇస్తున్నాం. నోటుబుక్కులో రాసుకోండి.

తెలుగులో టీచర్‌తో పెళ్లయింది అంటాం. మరాఠీలో 'శీ', ఉర్దూలో 'సే' అంటారు. ఇంగ్లీషులో విత్ రాదు, 'మ్యారీడ్ టు ఎ టీచర్' అనాలి.

నా మీద కోపం అంటాం. ఇంగ్లీషులో మనిషి మీదైతే 'యాంగ్రీ విత్ మీ'.

మలేరియాతో చనిపోయాడు అంటాం. ఇంగ్లీషులో 'డైడ్ ఆఫ్ మలేరియా'.

నాకన్నా సీనియర్ అంటాం. ఇంగ్లీషులో 'సీనియర్ టు మీ'. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్‌ఫీరియర్ అనేవి లాటిన్ నుంచి వచ్చిన మాటలు. వీటికి 'దాన్' రాదు, 'టు' వస్తుంది. చాయ్ కన్నా పాలు ఇష్టం అనడానికి కూడా 'ప్రిఫర్ మిల్క్ టు టీ'.

బాసరకు చేరాం అంటాం. 'రీచ్' అయితే 'రీచ్‌డ్ బాసర' చాలు, టు వద్దు. 'అరైవ్' అయితే తోడు కావాలి. స్టేషన్ లాంటి చిన్న చోటికి 'అరైవ్‌డ్ ఎట్ బాసర స్టేషన్', పెద్ద నగరానికి 'అరైవ్‌డ్ ఇన్ హైదరాబాద్'.

'ఆన్ టైమ్' అంటే చెప్పిన వేళకు సరిగ్గా. 'ఇన్ టైమ్' అంటే వేళ మించకముందే. బస్సు ఆన్ టైమ్ వస్తుంది. మనం బస్సు అందుకునేలా ఇన్ టైమ్ బస్టాండుకు చేరాలి.

'బిసైడ్' అంటే పక్కన. 'బిసైడ్స్' అంటే అంతేకాకుండా. చివరి 'ఎస్' ఒక్కటి అర్థమే మార్చేస్తుంది.

'మేడ్ ఆఫ్', 'మేడ్ ఫ్రమ్' తేడాకు మన ఊరి పత్తినే తీసుకోండి. చొక్కాలో పత్తి కంటికి కనిపిస్తుంది, చేతికి తెలుస్తుంది. అందుకే 'మేడ్ ఆఫ్ కాటన్'. పత్తి గింజల నుంచి తీసిన నూనెలో గింజ ఎక్కడా కనిపించదు. అందుకే 'మేడ్ ఫ్రమ్ కాటన్ సీడ్స్'.

క్రియ ఒంటరిగా, నామం జంటగా

డిగ్రీలో మా ఇంగ్లీష్ మేడం చెప్పిన ఒక సూత్రం మాకు చాలా మార్కులు తెచ్చిపెట్టింది. చాలా మాటలు క్రియగా ఉన్నప్పుడు ఒంటరిగా నడుస్తాయి. అదే మాట నామంగా మారితే ఒక ప్రిపొజిషన్ చేయి పట్టుకుంటుంది.

'డిస్కస్ ది ప్రాబ్లమ్' క్రియ, ఒంటరి. 'డిస్కషన్ అబౌట్ ది ప్రాబ్లమ్' నామం, జంట. మన 'గురించి' అనే మాటే క్రియ పక్కన కూడా అబౌట్ తెచ్చి పెడుతుంది. అలాగే 'ఎంటర్ ది రూమ్', 'ఎంట్రీ ఇన్‌టు ది రూమ్'. 'ఆన్సర్ ది క్వశ్చన్', 'ఆన్సర్ టు ది క్వశ్చన్'. 'విజిట్ బాసర', 'ఎ విజిట్ టు బాసర'. 'ల్యాక్ మనీ', 'ల్యాక్ ఆఫ్ మనీ'. 'ఎంఫసైజ్ ఎడ్యుకేషన్', 'ఎంఫసిస్ ఆన్ ఎడ్యుకేషన్'. ఒప్పందం చేసుకోవడం అనే అర్థంలో మాత్రం 'ఎంటర్ ఇన్‌టు' సరైనదే.

దీన్ని దరఖాస్తులో చూద్దాం. హాస్టల్ బోరు మోటారు కాలిపోయిందనుకోండి. 'వుయ్ రిక్వెస్ట్ ఎ న్యూ మోటార్' అని రాస్తే రిక్వెస్ట్ క్రియ, ఫర్ వద్దు. 'అవర్ రిక్వెస్ట్ ఫర్ ఎ న్యూ మోటార్' అని రాస్తే నామం, ఫర్ కావాలి. రెండూ కలిపి రాసిన దరఖాస్తు పారేస్తారని కాదు. కానీ తప్పు లేని దరఖాస్తు ఇచ్చినప్పుడు మనిషి నిలబడే తీరే వేరుగా ఉంటుంది.

ఈ సూత్రానికి గొప్ప ఉదాహరణ మన హాస్టల్ గోడ మీదున్న మహనీయుడే ఇచ్చాడు. 1936లో లాహోర్‌లో ఒక సభ కోసం బాబాసాహెబ్ అంబేద్కర్ ఉపన్యాసం తయారు చేశారు. అందులోని మాటలకు భయపడి నిర్వాహకులు సభే రద్దు చేశారు. ఆయన ఆ ఉపన్యాసాన్ని సొంతంగా అచ్చు వేయించారు. దాని పేరు 'ఎనిహిలేషన్ ఆఫ్ కాస్ట్', తెలుగులో కుల నిర్మూలన. 'ఎనిహిలేట్ కాస్ట్' అంటే క్రియ, ఒంటరి. 'ఎనిహిలేషన్ ఆఫ్ కాస్ట్' అంటే నామం, పక్కన ఆఫ్. ఈ ఒక్క పేరు గుర్తుంటే సూత్రం గుర్తున్నట్టే.

అన్ని మాటలకూ ఇది వర్తించదు. 'డిపెండ్ ఆన్' క్రియగా ఉన్నా ఆన్ ఉండాల్సిందే. 'కన్సిస్ట్ ఆఫ్' అనాలి, కానీ అదే అర్థం ఉన్న 'కంప్రైజ్' పక్కన ఆఫ్ పెట్టకూడదు. వీటిని వాడుతూ వాడుతూ పట్టుకోవాలి.

ఒక్క మాటతో మారే అర్థం

ప్రిపొజిషన్ మారితే మార్కు మాత్రమే పోతుందని అనుకోవద్దు. అర్థమే మారిపోవచ్చు. 'డిస్క్రిమినేట్ బిట్వీన్' అంటే రెండింటి మధ్య తేడా గుర్తించడం. మంచి గింజకూ తాలు గింజకూ తేడా చూడడం లాంటిది, అందులో తప్పు లేదు. 'డిస్క్రిమినేట్ అగైనెస్ట్' అంటే ఒకరి మీద వివక్ష చూపడం. రాజ్యాంగం 15వ అధికరణం నిషేధించింది ఈ రెండోదాన్నే. అక్కడ రాసినది అగైనెస్ట్. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా మాత్రమే ఏ పౌరుడి మీదా రాజ్యం వివక్ష చూపరాదు. ఈ అధికరణం బలం సగం ఆ ఒక్క ప్రిపొజిషన్‌లో ఉంది.

'అగ్రీ విత్' అంటే మనిషితో ఏకీభవించడం, 'అగ్రీ టు' అంటే ప్రతిపాదనకు ఒప్పుకోవడం. ఇంటర్వ్యూలో మీ జీతం ఇంత అన్నప్పుడు తల ఊపితే అది 'అగ్రీ టు'. 'రిజల్ట్ ఇన్' అంటే దానివల్ల జరిగేది, 'రిజల్ట్ ఫ్రమ్' అంటే దేనివల్ల జరిగిందో అది. కారణమూ ఫలితమూ తారుమారు కావడానికి ఒక్క మాట చాలు.

గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీష్ క్వాలిఫైయింగ్ పేపర్. ఆ మార్కులు ర్యాంకుకు కలపరు. కానీ అందులో గట్టెక్కకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లాభం లేదు. దాని స్థాయి పదవ తరగతే. అంటే ఇక్కడ స్టడీ అవర్‌లో మీరు ఇప్పుడు చదువుతున్నదే. ఇప్పుడు పునాది వేసుకుంటే అప్పుడు కోచింగ్ ఫీజు కోసం అమ్మ పుస్తెలు తాకట్టు పెట్టాల్సిన అవసరం రాదు.

తమ్ముళ్లకు నాలుగు మాటలు

మొదటిది, మాటను ఒంటరిగా నేర్చుకోవద్దు. 'అఫ్రయిడ్' అని కాక 'అఫ్రయిడ్ ఆఫ్' అని, 'గుడ్' అని కాక 'గుడ్ ఎట్ మ్యాథ్స్' అని జంటగా రాసుకోండి. ఎడ్లను జతగా కొన్నట్టు.

రెండవది, రోజుకు మూడు జంటలు చాలు. ఒక్కో జంటతో మన ఊరి సంగతి ఒకటి రాయండి. గైడులో ఉన్న జాన్, మేరీల వాక్యాలు మరచిపోతారు. గడ్డెన్న వాగు, పత్తి మార్కెట్, మెస్‌లో కిచిడీ గురించి రాసినవి మరచిపోరు.

మూడవది, ఇంగ్లీష్ పేపర్ దొరికితే వార్త కోసమే కాక ప్రిపొజిషన్ల కోసం కూడా చదవండి. ఒక్క పేరాలో ఉన్నవన్నీ పెన్సిల్‌తో చుట్టండి. తర్వాత అవి కప్పేసి మీరే నింపండి. ఇంతకంటే చవకైన కోచింగ్ లేదు.

నాలుగవది అన్నిటికన్నా ముఖ్యమైనది. ఎవరైనా తమ్ముడు ఇంగ్లీషులో మాట్లాడబోయి తడబడితే ఈ హాస్టల్‌లో ఎవరూ నవ్వకూడదు. బయట నవ్వేవాళ్లు ఎలాగూ ఉంటారు. ఇక్కడ తప్పు మాట్లాడే ధైర్యం ఉంటేనే అక్కడ ఒప్పు మాట్లాడే ధైర్యం వస్తుంది. సరిదిద్దండి, మెల్లగా పక్కకు పిలిచి చెప్పండి.

మేము పైన రాసిన జంటలన్నీ ఒక పెద్ద చార్టు మీద రాసి ఈ వార్షికోత్సవం రోజున స్టడీ హాలులో అంటిస్తున్నాం. కింద సగం ఖాళీగా వదిలేశాం. అది మీరు నింపాల్సిన చోటు. మీ తర్వాత వచ్చే తమ్ముళ్లకు కూడా కొంత ఖాళీ ఉంచండి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు. జై భీమ్.